సీటు దొరికితేనే సుముహూర్తం

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు డబ్బు కూడబెడతారని మన ఊళ్ళలో ఇంకా అనుకుంటున్నారు. అది పాత మాట. డబ్బు కూడబెట్టడం ఇప్పుడు వేరే పని చేతగానివాళ్ళు చేసేది. బుర్ర ఉన్నవాళ్ళు మైల్స్ కూడబెడుతున్నారు, అంటే విమాన కంపెనీల దగ్గర జమయ్యే పాయింట్లు, వాటితో డబ్బివ్వకుండా టికెట్ తీసుకోవచ్చు. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఏ ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగినా వెళ్ళి చూడండి. ప్రసాదం చేతిలో పడకముందే "మీరు ఏ క్రెడిట్ కార్డు వాడుతున్నారండీ?" అని అడుగుతారు. ఊరు, గోత్రం అడగడం ఆ తర్వాతే, అదీ టైముంటే.

ఈ మహోద్యమం మీద కొందరు వెటకారాలాడుతున్నారు. "ఇంత తంటా ఎందుకు, టికెట్ కొనుక్కోవచ్చుగా?" అంటున్నారు. డబ్బిచ్చి టికెట్ కొనడానికి తెలివితేటలు ఎందుకండీ? ఆ మాత్రం ఎవరైనా చేస్తారు. వాళ్ళకు విషయం బోధపడటానికి కాస్త చరిత్ర చెప్పాలి.

1978 దాకా అమెరికాలో విమానం టికెట్ ధర ప్రభుత్వమే నిర్ణయించేది. ఆ ఏడాది చట్టం చేసి ఆ పట్టు వదిలేసింది. కంపెనీలు ఒకదాని మీద ఒకటి పోటీపడి రేట్లు తగ్గించడం మొదలుపెట్టాయి. ఇలాగైతే మునిగిపోతామని అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న అడ్వాంటేజ్ అనే పథకం పెట్టింది. మా విమానమే ఎక్కుతూ ఉండండి, ఎన్ని మైళ్ళు తిరిగారో లెక్క రాసి ఉంచుతాం, కొన్నాళ్ళకు ఊరికే తిప్పుతాం అంది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కూడా తన దుకాణం తెరిచింది. ఆ అమెరికన్ ఎయిర్‌లైన్స్ హెడ్డాఫీసు ఫోర్ట్‌వర్త్‌లో ఉంది. దానికి గంట దూరంలో మనవాళ్ళు వేలకు వేలు ఇళ్ళు కొనుక్కున్నారు. స్కూళ్ళు బాగుంటాయని కొన్నామంటారు. అననివ్వండి.

అప్పట్లో మైల్స్ రావాలంటే విమానం ఎక్కాల్సి వచ్చేది. ఆ మోటు పద్ధతి ఎప్పుడో పోయింది. ఇప్పుడు క్రెడిట్ కార్డు గీకి కందిపప్పు కొన్నా వస్తాయి, అమ్మాయి కూచిపూడి ఫీజు కట్టినా వస్తాయి. అసలు పంట మాత్రం కొత్త కార్డులోనే ఉంది. కార్డు తీసుకుని మూడు నెలల్లో నాలుగు వేల డాలర్లు ఖర్చు పెడితే ఒకేసారి అరవై వేలో డెబ్బై వేలో పాయింట్లు వచ్చి పడతాయి. నాలుగు వేల ఖర్చు లేదా? పెట్టాలి. పాత సోఫా ఇంకో పదేళ్ళు వచ్చేదే, కానీ దానికి పాయింట్లు రావు కదా. ఇల్లాలు "ఏమండీ, ఇప్పుడీ సోఫా ఎందుకు?" అంటే "సోఫా కాదే, హైదరాబాద్ టికెట్" అని చెప్పాలి.

ఒక మనిషి రెండేళ్ళలో ఇన్ని కార్డులకు మించి తీసుకోకూడదని కొన్ని బ్యాంకులు అడ్డుపుల్ల వేశాయి. అందుకే ఈ విద్యలో పెళ్ళికి ఇంత విలువ. భార్య పేరు మీద కూడా కార్డులు తీసుకోవచ్చు, ఆమెను మనమే చేర్పించినందుకు మనకు మళ్ళీ బోనస్. ఈ రంగంలో సహధర్మచారిణిని 'ప్లేయర్ టూ' అంటారు. అగ్నిసాక్షిగా అడుగులు వేసినప్పుడు పురోహితుడు ఈ సంగతి చెప్పి ఉంటే ఆవిడ ఇంకాస్త ఆలోచించుకునేదేమో.

హోటల్లో బిల్లు వచ్చినప్పుడు చూడండి. "నేనిస్తానంటే నేనిస్తా"నని చేతులు పట్టుకుని లాక్కోవడం మన జాతి లక్షణం. ఆ లక్షణం చెక్కుచెదరలేదు. పన్నెండు మంది బిరియానీ తింటే పదిమంది లేచి కార్డులు తీస్తున్నారు. గెలిచినాయన మొత్తం బిల్లు కట్టి, ఇంటికి వెళ్ళేలోపే ఎవరి వాటా ఎంతో సెంట్లతో సహా వాట్సాప్‌లో పెట్టి, ఫోన్లోనే డబ్బు పంపే జెల్‌లో వెయ్యమంటాడు. హోటల్ ఖర్చుకు మూడింతల పాయింట్లు మరి. ఇంత నిస్వార్థంగా స్వార్థం చూసుకునే మార్గం మన పెద్దలకు తట్టలేదు.

ఈ మార్గంలో మహానుభావులు కూడా ఉన్నారు. 1999లో కాలిఫోర్నియాలో డేవిడ్ ఫిలిప్స్ అనే సివిల్ ఇంజనీరు సూపర్ మార్కెట్‌లో ఒక పుడ్డింగ్ కంపెనీ ఆఫర్ చూశాడు. డబ్బాల మీది లేబుళ్ళు పంపితే మైల్స్ ఇస్తామని ఉంది. లెక్క వేస్తే పావు డాలర్ పుడ్డింగ్ కప్పుకు వచ్చే మైల్స్ విలువ కప్పు ధర కంటే ఎక్కువని తేలింది. 12,150 కప్పులు కొన్నాడు. ఖర్చు 3,140 డాలర్లు. లేబుళ్ళు ఒలిచే ఓపిక లేక పుడ్డింగ్ అంతా సాల్వేషన్ ఆర్మీకి దానం చేశాడు, వాళ్ళ వాలంటీర్ల చేతే లేబుళ్ళు ఒలిపించాడు. దానం చేసినందుకు 815 డాలర్ల పన్ను మినహాయింపు తీసుకున్నాడు. పన్నెండున్నర లక్షల మైల్స్ చేతికొచ్చాయి. అన్నదానం చేస్తే పుణ్యం వస్తుందని మనకు చెప్పారు గానీ ఇంత స్పష్టంగా స్టేట్‌మెంట్‌లో కనపడుతుందని ఎవరూ చెప్పలేదు.

అమెరికా ప్రభుత్వ టంకశాల కూడా ఒకసారి ఈ భక్తుల చేతికి చిక్కింది. డాలర్ నాణేలు జనంలోకి వెళ్ళాలని, ముఖవిలువకే, పోస్టేజీ లేకుండా ఇంటికి పంపుతామంది. క్రెడిట్ కార్డు కూడా తీసుకుంది. భక్తులు పెట్టెలకు పెట్టెలు తెప్పించుకుని, సీలు కూడా విప్పకుండా తీసుకెళ్ళి బ్యాంకులో జమ చేసి, ఆ డబ్బుతోనే కార్డు బిల్లు కట్టేశారు. పైసా ఖర్చు లేదు, మైల్స్ మాత్రం వచ్చాయి. 2011లో టంకశాల కార్డులు తీసుకోవడం మానేసింది. నాణేలు జనంలోకి వెళ్ళలేదు, జనమే విమానాల్లోకి వెళ్ళారు.

కూడబెట్టడం అయింది. ఇక ఖర్చు పెట్టాలి. ఇక్కడినుంచే తపస్సు మొదలవుతుంది.

డాలస్ నుంచి హైదరాబాద్‌కు దోహా మీదుగా, అమెరికన్‌తో పొత్తున్న ఖతర్ ఎయిర్‌వేస్ ఉంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ మైల్స్ పెట్టి అందులో బిజినెస్ క్లాస్ తీసుకుంటే ఒకవైపుకు 70,000, ఎకానమీ అయితే 40,000 అని చార్టులో రాసి ఉంటుంది. తలుపు వేసుకుని పడుకునే సీటు, అమెరికా ప్రభుత్వానికి సెక్యూరిటీ ఫీజు కింద 5 డాలర్ల 60 సెంట్లు, ఆ పైన ఏవో కొద్దిపాటి పన్నులు. ఇంతకంటే సుఖం ఏముంది? చార్టులో రేటు ఉంటుంది. విమానంలో సీటు ఉండదు, అంతే తేడా.

పిల్లలు పడుకున్నాక, గిన్నెలు డిష్‌వాషర్‌లో వేశాక, ఇంటాయన లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. డిసెంబర్ 18, నలుగురు మనుషులు. లేదు. ముగ్గురు? లేదు. ఇద్దరు? ఉంది, కానీ ఫిలడెల్ఫియా వెళ్ళి అక్కడ పద్నాలుగు గంటలు ఆగాలి. ఒక్కరైతే? డిసెంబర్ 18నే ఉంది, భేషుగ్గా ఉంది. సంసారంలో ఒక్కరు వెళ్ళడానికి విమాన కంపెనీలకు ఎప్పుడూ అభ్యంతరం లేదు. చివరికి నాన్నా, పెద్దవాడూ దోహా మీదుగా, అమ్మా, చిన్నదీ లండన్ మీదుగా అని తేలుతుంది. లండన్ మీదుగా అయితే 'ఉచిత' టికెట్‌కు సర్‌ఛార్జీ పేరుతో మనిషికి వందల డాలర్లు కట్టాలి. దాన్ని పట్టించుకోకూడదు. అది టికెట్ డబ్బు కాదు, సర్‌ఛార్జీ. శంషాబాద్‌లో అత్తగారు ఒకే అల్లుడికి, ఒకే కూతురికి రెండుసార్లు ఎదురెళ్ళాల్సి వస్తుంది. వచ్చినవాళ్ళు కూడా ఎయిర్‌పోర్టులో ఒకరినొకరు చూసుకుని బాగున్నారా అని పలకరించుకుంటారు.

అందుకే అనుభవజ్ఞులు అమ్మకం తెరిచిన రోజే సీటు పట్టాలంటారు. అమెరికన్‌లో అది ప్రయాణానికి 331 రోజుల ముందు. అంటే వచ్చే సంక్రాంతికి ఊళ్ళో ఉండాలంటే ఈ సంక్రాంతి వెళ్ళిన నెలకే బుక్ చేసుకోవాలి. ఇక్కడ ఒక శాస్త్ర సమస్య ఉంది. కొత్త పంచాంగం ఉగాదికి గానీ రాదు, సీట్లు ఫిబ్రవరిలోనే అయిపోతాయి. చెల్లెలి పెళ్ళికి లగ్నం పెట్టించేసరికి అన్నయ్య టికెట్ ఏ తేదీకో ఖాయమై కూర్చుంటుంది. మన సిద్ధాంతులు తారాబలం, చంద్రబలంతో పాటు సీటుబలం కూడా చూడటం అలవాటు చేసుకోవాలి. ఒక్క సంగతి మాత్రం పరిశీలనలో తేలింది. మూఢంలో సీట్లు పుష్కలంగా ఉంటాయి, మంచి ముహూర్తాల్లో ఒక్కటీ ఉండదు. విమాన కంపెనీలు పంచాంగం చూడవని ఎవరన్నారు?

గిట్టనివాళ్ళు ఇంకో మాట అంటారు. మైల్స్ రేటు వాళ్ళ ఇష్టం వచ్చినప్పుడు పెంచేస్తారు, మీరు దాచింది దాచినట్టే కరిగిపోతుంది అని. నిజమే. డెల్టా 2015లో రేట్ల చార్టునే తీసేసింది. ఈ టికెట్‌కు ఎన్ని మైల్స్ అంటే ఆ పూట వాళ్ళు ఎన్ని చెప్తే అన్ని. తర్వాత యునైటెడ్, ఆ తర్వాత సొంత విమానాల విషయంలో అమెరికన్ కూడా అదే దారి పట్టాయి. రిజర్వ్ బ్యాంకు ఇలా చేస్తే మనం రోడ్డెక్కుతాం. ఇక్కడ రోడ్డెక్కనవసరం లేదు, ఇంకో కార్డు తీసుకుంటే సరిపోతుంది.

అసలు వీళ్ళు విమానాలు ఎందుకు నడుపుతున్నారా అని 2020లో అందరికీ అనుమానం వచ్చింది. కరోనా దెబ్బకు విమానాలు నేల మీద నిలబడిపోయాయి. అప్పు కోసం యునైటెడ్ తన మైలేజ్ ప్లస్ పథకాన్ని తాకట్టు పెట్టింది. ఆ పథకం విలువ దాదాపు 2,200 కోట్ల డాలర్లని లెక్క చూపించింది. అప్పుడు స్టాక్ మార్కెట్‌లో మొత్తం కంపెనీ విలువ, విమానాలు, గేట్లు, పైలట్లు, ఈ పథకం అన్నీ కలుపుకుని, అందులో దాదాపు సగమే. అంటే విమానాలకు మార్కెట్ కట్టిన ఖరీదు సున్నా కంటే కూడా తక్కువ. మరుసటి ఏడాది అమెరికన్ కూడా అడ్వాంటేజ్‌ను కుదవపెట్టి 1,000 కోట్ల డాలర్లు ఎత్తింది. బ్యాంకులు నోట్ల కట్టలిచ్చి మైల్స్ కొంటాయి, కంపెనీ కంప్యూటర్‌లో ఒక అంకె వేస్తుంది, అంతటితో సరుకు తయారు. మన ఫ్రిస్కో బావగారు సోఫా కొన్నప్పుడల్లా ఆ తాకట్టు విలువ కాస్త పెరుగుతూ వచ్చింది. ఆయనకు ఒక కృతజ్ఞతా పత్రమైనా పంపాల్సింది.

ఇంత సేవ చేసినవాళ్ళు నోరు విప్పితే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. మిన్నెసోటాలో గిన్స్‌బర్గ్ అనే యూదు మతగురువు నార్త్‌వెస్ట్ అనే కంపెనీ విమానాల్లో తెగ తిరిగేవాడు, పథకంలో పైమెట్టు మీద ఉండేవాడు. 2008లో కంపెనీ ఆయన్ను తీసేసింది. కారణం, ఆయన కొద్ది నెలల్లో 24 ఫిర్యాదులు చేశాడట, అందులో తొమ్మిది సామాను బెల్టు మీదికి ఆలస్యంగా వచ్చిందని. ఆయన కోర్టుకెక్కాడు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులందరూ ఒక్కమాట మీద ఆయన వాదన కొట్టేశారు. ఏ చట్టం అడ్డం వచ్చిందంటారా? ప్రయాణికుడికి మేలు చేద్దామని 1978లో తెచ్చిన ఆ చట్టమే. కాబట్టి సామాను ఆలస్యమైతే బెల్టు పక్కన నిలబడి విష్ణు సహస్రనామం చదువుకోండి. ఒక్క ఈమెయిల్ కూడా పంపకండి.

ఇక ఆస్తి సంగతి. మైల్స్ మన ఆస్తి అని చాలామంది అనుకుంటారు. అడ్వాంటేజ్ నిబంధనల్లో అవి సభ్యుడి ఆస్తి కావని స్పష్టంగా రాసి ఉంది. రెండేళ్ళు కదలిక లేకపోతే పోతాయి. సభ్యుడే పోతే ఎవరికీ హక్కు లేదు, కంపెనీ దయతలిస్తే మాత్రం వీలునామా చూసి ఇవ్వొచ్చు. 2012లో మన దేశంలో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయినప్పుడు మనవాళ్ళకు ఇంకో పాఠం వచ్చింది. అప్పుడు మనిషి కులాసాగానే ఉన్నాడు, కంపెనీయే పోయింది. దాని పథకం కింగ్ క్లబ్‌లో దాచిన మైల్స్‌కు దయతలిచే నాథుడే లేడు. అన్నట్టు, ఆఫీసు పని మీద తిరిగి సంపాదించిన మైల్స్‌ను ఆదాయం కింద లెక్కగట్టి పన్ను వేసే ఉద్దేశం లేదని అమెరికా ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళు 2002లోనే ప్రకటించారు. ఆస్తి కాదు, ఆదాయమూ కాదు, అయినా నాలుగు లక్షలున్నాయని అల్లుడు గొప్పగా చెప్పుకుంటాడు. మామగారు ఆ నాలుగు లక్షలూ రూపాయలో డాలర్లో తెలియక గౌరవంగా తల ఊపుతారు.

వారసత్వానికి దారి లేదా అంటే, ఉంది. మైల్స్ బతికున్నన్నాళ్ళూ, అకౌంట్ ఉన్నాయన తన మైల్స్‌తో ఎవరికైనా టికెట్ తీసిపెట్టొచ్చు. కాబట్టి పెద్దాయన లాగిన్ ఎవరి దగ్గర ఉందన్నదే ఇకమీద ఇళ్ళలో అసలు పంపకం. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో షుగర్ టాబ్లెట్ వేసుకున్నారా, బీపీ చూపించుకున్నారా అని వరసగా అడగండి. పాస్‌వర్డ్ సంగతి మూడో ప్రశ్నగా అడిగితే ఆయనకు అనుమానం రాదు. అక్కయ్య ఇప్పటికే అడిగేసిందేమో కూడా కనుక్కోండి.