టేకు బల్ల మీద చందమామలు

మా డైనింగ్ టేబులు ఇంటికి వచ్చిన రోజు మా ఆవిడ అన్న మొదటి మాట: "ఇదేమిటండీ, పులిచారల్లా ఉన్నాయి?"

నిజమే. బల్లార్షా టేకు, తెల్లచెక్క లేకుండా చేవ మాత్రం ఏరి చేయించాను. ఖరీదు విన్న రోజు మా నాన్నగారు బీపీ మాత్ర రెండోసారి వేసుకున్నారు. తీరా చూస్తే కాస్త ఆకుపచ్చ ఛాయ, కాస్త బూడిద ఛాయ, మధ్యలో నల్లటి చారలు. షోరూముల్లో కనబడే ఆ తేనె రంగు ఎక్కడా లేదు.

వడ్రంగి మాత్రం తాపీగా ఉన్నాడు. "కొత్తగా కోసిన టేకు ఇలాగే ఉంటాదండి. గాలీ వెలుతురూ తగలాలి. నాలుగు నెల్లు పోతే చారలు అణిగి బెల్లం పాకంలా తిరుగుతాదండి. రంగు పూయమంటే పూస్తాను గానీ, అది కొబ్బరినీళ్ళలో పంచదార కలిపినట్టేనండి." రంగు లేని పాలిష్ ఒకటి కొట్టి వెళ్ళిపోయాడు.

గాలీ వెలుతురూ తగలాలన్నాడు కదా. మేం దాని మీద షీటు కప్పాం.

మా ఇంటి పద్ధతి అది. టీవీ రిమోటుకి ప్లాస్టిక్ తొడుగు, ఫ్రిజ్జు నెత్తిన గుడ్డ, సోఫా మీద తువ్వాళ్ళు, ఆ తువ్వాళ్ళు మాసిపోకుండా పాత దుప్పటి. సోఫా అసలు రంగేమిటో మా అబ్బాయికి తెలియదు. వాడికి 14 ఏళ్ళు. అలాంటి ఇంట్లో టేకు బల్ల ఉత్త ఒంటితో ఉంటుందా? గులాబీ పువ్వుల మందపాటి షీటు వచ్చింది. కొలత తీసింది నేను కాబట్టి చుట్టూ జానెడు తక్కువొచ్చింది.

ఎనిమిది నెలల తర్వాత మా ఆవిడ స్కూల్లో తోటి టీచర్లు టిఫినుకి వస్తున్నారని షీటు తీసింది. తీసి అక్కడే నిలబడిపోయింది. తూర్పు కిటికీ పక్కన ఉన్న బల్ల కదా, చుట్టూ జానెడు వెడల్పున చక్కటి బెల్లం పాకం. మధ్యలో మాత్రం వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే, పాలిపోయి, చారలతో సహా. ఏళ్ళ తరబడి పెట్టుకున్న వాచీ తీస్తే మణికట్టు ఉంటుందే, అలా. మేం ఎంత మేర కాపాడామో సరిగ్గా అంత మేరా చెడింది.

టీచర్లకు మళ్ళీ షీటు కప్పే పెసరట్లు పెట్టాం.

తర్వాత వారం సలహాలతో గడిచింది. టీ డికాక్షన్ పూయమని మా బావమరిది చెప్పాడు. పూశాను. పాలిష్ మీద నుంచి జారి ఆ రంగంతా నా లుంగీకి పట్టింది. ఇక లాభం లేదని వడ్రంగికి ఫోన్ చేశాను. "పాలిష్ ఉన్నా వెలుతురు లోపలికి దిగుద్దండి. ఆ షీటు తీసి వదిలేయండి. ముదిరిన అంచు ఇంకెంతో ముదరదు, మధ్యది దాన్ని అందుకుంటాది. అన్నీ ఎండే చూసుకుంటాదండి."

ఆయన చెప్పింది కిటికీలోంచి వచ్చే వెలుతురు గురించి. నాకు వినబడింది ఎండ. మే నెల, రాజమండ్రి. ఎండకి కొరతా?

నలుగురం పట్టి బల్లని మేడ మీదికి ఎక్కించాం. మెట్ల మలుపులో అరగంట ఇరుక్కుంది. పై వాటా కుర్రాడు బల్లకీ గోడకీ మధ్య ఉండిపోయి, "వస్తున్నానమ్మా, కాస్త పనిలో ఉన్నా" అని వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడాడు.

ఆ సాయంత్రమే అమలాపురం నుంచి మా అత్తగారు దిగారు, రెండు గోతాల కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలతో. మేడెక్కి బల్లని చూడగానే ఆవిడ కళ్ళు చెమర్చాయి. "నేను నడుం వంచలేనని మీరైనా గుర్తుపెట్టుకున్నారు బాబూ. మీ మావగారు ముప్పై ఏళ్ళుగా నన్ను నేల మీదే కూర్చోబెట్టారు." ఆ క్షణంలో బల్ల అసలు దేనికి పైకొచ్చిందో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అయినా పళ్ళాలేగా, ఏమవుతుందిలే అనుకున్నాను.

మూడ్రోజులు ఉప్పులో ఊరిన మాగాయ ముక్కల్ని పిండి, ఆరు స్టీలు పళ్ళాల్లో పోసి ఆ బల్ల మీద ఎండబెట్టారు. ఓ మూల ఊట జాడీ. రెండు గోతాలూ వాయిలు వాయిలుగా పది రోజులు పట్టాయి. మా అత్తగారు పద్ధతి మనిషి. సాయంత్రం అన్నీ కిందికి తెచ్చి, పొద్దున్నే ఏ పళ్ళెం చోట ఆ పళ్ళెమే పెట్టేవారు. లేకపోతే ఏ ముక్కలు ఏనాటివో కలిసిపోతాయిట.

మధ్యలో ఒకసారి వెళ్ళి చూస్తే పలకల మధ్య సందు కనబడింది. పది రూపాయల బిళ్ళ నిలబెడితే నిలబడింది. చెక్క ఆరితే అడ్డంగా కుంచించుకుపోతుంది, తేమ తగిలితే అడ్డంగా ఒళ్ళు చేస్తుంది, పొడుగులో మాత్రం దాదాపు కదలదు. నలభై దాటిన మగాడి లెక్కే.

పదకొండో రోజు సాయంత్రం ఈదురుగాలి, ఉరుములు. అత్తగారు జాడీతో ముందు పరిగెత్తారు, మేం బల్లతో వెనక. మెట్ల మలుపులో ఈసారి నేనే ఇరుక్కున్నాను. హాల్లో దింపి ట్యూబులైటు వేశాం.

బల్ల మధ్యభాగం చక్కగా రంగు తిరిగింది. అందులో ఆరు పున్నమి చంద్రులు. మూలన ఊట జాడీ చోట ఒక పిల్ల చంద్రుడు.

మా ఆవిడ ఒక్క మాట అనలేదు. చేసింది వాళ్ళమ్మ కాబట్టి అనే వీల్లేదు. అనకుండా ఉండటానికి ఆవిడ పడుతున్న కష్టం చూస్తే, ఎందుకు దాచాలి, నాకు కాస్త సంతోషమే వేసింది.

మర్నాడు వడ్రంగి వచ్చి ఒక చంద్రుడి చుట్టూ వేలితో రాసి, వేలు వాసన చూశాడు. "మాగాయాండీ?"

"అవును."

"ఆవకాయ పెట్టుకోవాల్సిందండి. ముక్కలు ఎండబెట్టే పనుండేది కాదు."

సందు సంగతి అడిగాను. పలకలు కదలడానికి కింద చోటు వదిలానని, లేకపోతే ఆ ఎండకి పగిలేదని, వానలు పడితే అదే మూసుకుంటుందని చెప్పాడు. "ఎమరీ పేపరు పట్టమంటే పడతానండి. మొత్తం మళ్ళీ పులిచారలే. ఏడాదిపాటు ఎండావానల్లో వదిలేస్తే పాత పడవ చెక్కలా బూడిద తిరుగుతాది. హాల్లో కిటికీ పక్కన పెట్టి, దయచేసి, ఏమీ చేయకండి."

ఏమీ చేయలేదు. షీటుని పారేయడానికి చేతులు రాక మా ఆవిడ ఫ్రిజ్జు కింద పరిచింది. శ్రావణానికి సందు మూసుకుపోయింది. దీపావళికి చంద్రులు మసకబారారు. సంక్రాంతికి ఎవరికైనా చూపించాలంటే తల వాల్చి వెతకాల్సి వచ్చింది. వేసవికల్లా బల్లంతా ఒకటే రంగు, ముదురు బెల్లం పాకం.

మొన్న మే నెలలో అత్తగారు మళ్ళీ గోతాలతో దిగారు. కాళ్ళు కడుక్కుని నేరుగా బల్ల దగ్గరికొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమారు.

"ఇదేమిటి బాబూ, పళ్ళాలకి గుర్తులుండేవి కదా, ఏవీ? చెరిపేయించారా?"

ఆవిడ మొహం చిన్నబోయింది. నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడ గోడ వైపు చూసింది. మా అబ్బాయి అప్పటికే పై వాటా కుర్రాణ్ణి పిలుచుకురావడానికి వెళ్ళాడు.