ఈడీ గారికి నల్లగొండ నుండి ఒక ఫిర్యాదు

గౌరవనీయులైన ఈడీ ప్రత్యయం గారికి,

నల్లగొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా మీ గురించి పాఠం చెప్పుకొని బతుకుతున్న ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు నమస్కరించి రాయునది. ఈ మధ్య మా దగ్గర మీ పేరు చెబితే చాలు, పెద్ద పెద్ద నాయకులు వకీళ్ల ఇళ్లకు పరుగెత్తుతున్నారు. అది ఢిల్లీ నుండి వచ్చే ఈడీ అని నాకు తెలుసు. వారి పని మనుషుల గతాన్ని తవ్వడం, మీ పని క్రియల గతాన్ని తేల్చడం. ఇద్దరిలో ఎవరు వచ్చినా ఎదుటివాడి నోరు పెగలదు కనుక పోలిక పెట్టాను, తప్పయితే మన్నించగలరు.

కాగితం మీద మీరు ఎప్పుడు చూసినా ఇ, డి అనే రెండక్షరాలే. నోటిలోకి వచ్చేసరికి మూడు వేషాలు కడతారు. వాక్, వాష్ పక్కన నిలబడితే ‘ట్’ అంటారు, ప్లే, కాల్, లివ్ పక్కన ‘డ్’ అంటారు, వాంట్, నీడ్ పక్కన మాత్రం తీరికగా ‘ఇడ్’ అంటారు. మా చిందు భాగవతులు సైతం వేషం మార్చాలంటే తెర వెనక్కి పోయి వస్తారు. మీకు ఆ తెర కూడా అక్కరలేదు.

నిజం చెప్పాలంటే ఈ వేషాల వెనుక ఉన్న నియమం మాకు కొత్తది కాదు. క చ ట త ప లు పరుషాలనీ, గ జ డ ద బ లు సరళాలనీ, ఒకదాని పక్కన ఒకటి చేరినప్పుడు గుణం మారుతుందనీ తెలుగు వ్యాకరణం మాకు చిన్నప్పుడే నూరిపోసింది. క్రియ చివరి ధ్వని పరుషమో, ష, ఫ ల వంటిదో అయితే మీరూ పరుషమవుతారు, అది సరళమైనా అచ్చయినా ల, వ, న ల వంటిదైనా మీరు సరళంగా మిగులుతారు, ట, డ ల తరువాత మళ్లీ ట, డ పలకడానికి నాలుకకు చోటు చాలదు కనుక నడుమ ఒక అచ్చును ఆగమంగా తెచ్చుకుంటారు. సంధి అని ఒక్క మాట చెప్పి ఉంటే పిల్లలు ఆదేశ సంధుల సరసన మిమ్మల్నీ కూర్చోబెట్టేవారు. ఆ మాట చెప్పేవారు లేక, ‘వినగా వినగా అదే వస్తుంది’ అనే సలహాతోనే మా తరాలు గడిచిపోయాయి. ఎక్కడ వినాలి? మా ఊరి బస్టాండులో మీరు వినబడరు కదా!

మొన్న ఏడో తరగతిలో పిల్లలందరినీ గొంతు మీద రెండు వేళ్లు ఆనించమన్నాను. పై పళ్లు కింది పెదవికి తాకించి ‘వ్’ అని సాగదీయమంటే అందరి వేళ్ల కిందా గొంతు వణికింది. ‘ఫ్’ అనమంటే వణకలేదు. రెండో బెంచీలోని అమ్మాయి వేళ్లు తీయకుండానే, “సార్, గొంతుల తుమ్మెద సచ్చిపోయింది” అన్నది. ఉపాధ్యాయ శిక్షణలో ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఎవరూ చెప్పలేదు. తుమ్మెద బతికి ఉంటే ‘డ్’, చస్తే ‘ట్’ అని బోర్డు మీద రాసి, లాఫ్‌కు భూతకాలం అడిగాను. ఆ అమ్మాయి తడుముకోకుండా ‘లాఫ్ట్’ అన్నది. నేను పొంగిపోయాను. పావుగంట తరువాత నోట్‌బుక్ చూస్తే ఎల్, ఏ, ఎఫ్, టీ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. చెవి విన్నదాన్ని చెయ్యి నిజాయితీగా రాసింది. దాని చుట్టూ నేను ఎర్ర సిరాతో సున్నా చుట్టాను.

ఇక మీ రాతకోతల సంగతి. స్టాప్‌కు మీరు తగిలితే పీకి ద్విత్వం రావాలి, ప్లాన్‌కు తగిలితే ఎన్‌కు రావాలి. ప్రిఫర్‌లో ఆర్‌కు ద్విత్వం వస్తుంది గాని విజిట్‌లో టీకి రాదు. ఎందుకని అడిగితే, ప్రిఫర్‌లో ఊనిక, అంటే నొక్కి పలికే చోటు, చివర ఉంది, విజిట్‌లో మొదట ఉంది అంటారు. అయ్యా, మా భాషలో మాట అర్థం ఊనికను బట్టి మారదు. ‘బత్తాయి’లో మీరు ఏ అక్షరాన్ని నొక్కి పలికినా అది బత్తాయే, మార్కెట్లో దాని ధర ఒక్క రూపాయి కూడా పెరగదు. పోనీ ఆ నియమానికైనా కట్టుబడతారా అంటే, ట్రావెల్‌లో ఊనిక మొదటే ఉన్నా ఇంగ్లండులో రెండు ఎల్‌లు రాస్తారు. అమెరికాకు పోయేసరికి ఒకటే మిగిలింది. విమానంలో సామాను బరువెక్కువై ఒకటి దింపేసి ఉంటారు. స్టడీలో వై పోయి ఐ రావడం, ప్లేలో వై చెక్కుచెదరకుండా ఉండటం వంటి చిల్లర విషయాలు మీ కింది ఉద్యోగులతో మాట్లాడుకుంటాను.

అసలు బాధ, మీరు రావలసిన చోటికి రాకపోవడం. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో సూర్యుడు ఎటు తిరిగినా గర్భగుడిలోని నీడ కదలదు. కట్, పుట్, హిట్ అనే మీ క్రియలూ అంతే, నిన్న అయినా నేడు అయినా ఉన్నచోటనే ఉంటాయి. ‘రీడ్’ అయితే అక్షరం మారకుండా ‘రెడ్’ అవుతుంది, అంటే చదవడం అనే మాటను చదవాలంటేనే ముందు కాలం తెలిసి ఉండాలి. ‘గో’ తన గతాన్ని ఎక్కడో పోగొట్టుకొని, ‘వెండ్’ అనే పొరుగు క్రియ గతాన్ని తెచ్చుకొని ‘వెంట్’గా చెలామణి అవుతున్నది. ఈ విషయంలో మిమ్మల్ని గట్టిగా నిలదీయలేను, ఎందుకంటే మేమూ ‘రా’ అని పిలిచి, వచ్చినవాణ్ణి ‘వచ్చాడు’ అంటాం. అయితే ‘గోడ్’ అని ఇంగ్లిష్ ఇళ్లలో మూడేళ్ల పిల్లలు అంటే ముద్దు చేస్తారు, మా దగ్గర పన్నెండేళ్ల పిల్లవాడు రాస్తే మార్కు కోస్తారు. ‘డిడ్’ వచ్చాక ‘వెంట్’ పెట్టకూడదని, ఒకే బాకీకి రెండుసార్లు వడ్డీ కట్టకూడదని చెబితే మాత్రం రైతుల పిల్లలు వెంటనే అర్థం చేసుకుంటారు.

మీ పూర్వచరిత్ర కూడా కొంత తెలిసే ఈ లేఖకు పూనుకున్నాను. ఒకప్పుడు మీరు రాతలో ఉన్నట్టే నోటిలోనూ అచ్చుతో సహా నిండుగా ఉండేవారు. ఆ అచ్చును మింగేస్తున్నారని, డిస్టర్బ్‌డ్, రిబ్యూక్‌డ్ వంటి మాటలను కత్తిరించి పాడు చేస్తున్నారని, 1712లో ఇంగ్లిష్ రచయిత జోనథన్ స్విఫ్ట్ దేశ కోశాధిపతికే లేఖ రాసి గోల పెట్టాడు. ఆయన ఈ రోజు మా బడికి వచ్చి, మా పిల్లలు ‘వాకెడ్’, ‘డిస్టర్బెడ్’ అని చదవడం వింటే ఆనందబాష్పాలు రాల్చేవాడని నా నమ్మకం.

నాకు మాత్రం ఆ భాగ్యం దక్కలేదు. డిగ్రీ అయ్యాక మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో రెండేళ్లు లెక్కలు రాసి, తరువాత హైదరాబాదులో ఒక ప్రైవేటు బడి ఇంటర్వ్యూకు పోయి, ఆ రెండేళ్ల గురించి ‘వర్కెడ్’ అన్నాను. బల్ల అవతల ఉన్న ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండేళ్లలో నేను ఏమి చేశానని ఎవరూ అడగలేదు. చేశాననే మాటను ఎలా పలికానన్నదే వారు గుర్తుపెట్టుకున్నారు.

ఇంతకూ మా పిల్లల తిప్పలు మీతో మొదలు కాలేదు. మా పిల్ల “నిన్న అంగడికి పోయిన” అంటుంది. తెలుగు వాచకం దాన్ని ‘వెళ్లాను’ అని దిద్దుతుంది, తరువాతి పీరియడ్‌లో నేను ‘వెంట్’ అని దిద్దుతాను. పిల్ల నిన్న ఒక్కసారే అంగడికి పోయింది, కానీ ఆ పోవడాన్ని రెండు పీరియడ్లలో రెండుసార్లు అప్పజెప్పుకోవలసి వస్తున్నది. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది కనుక, ఇప్పుడు సైన్సు, సోషల్ గంటల్లోనూ ఇదే తంతు. (మా తెలుగు క్రియ అమ్మకూ బర్రెకూ కలిపి ‘వచ్చింది’ అనే అంటుంది, మీరు నాయనకూ కుక్కకూ కలిపి ‘కేమ్’ అంటారు. మర్యాద విషయంలో ఎవరు ఎవరికి నీతులు చెప్పాలో తేలక ఆ పద్దును ఈ ఫిర్యాదులో కలపలేదు.)

లాఫ్ట్ అని రాసిన అమ్మాయి నోట్‌బుక్ ఇంకా నా బల్ల మీదనే ఉంది. సున్నా చుట్టాను గాని మార్కు వేయలేదు. శనివారంలోగా మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. అర మార్కు ఇవ్వవచ్చునో లేదో ఆలోగా తెలియజేయగలరు.

ఇట్లు,
మీ పేరు పలకడంలో ఒకసారి ఓడిపోయిన
ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు,
నల్లగొండ