పాఠకుల పేజీలో పుట్టిన రాక్షసులు

‘స్ట్రేంజర్ థింగ్స్’ వెబ్ సిరీస్ చూసినవాళ్లకు మైండ్ ఫ్లేయర్ పేరు కొత్త కాదు. హాకిన్స్ పిల్లలు తమ ఊరి మీద పడ్డ పీడకు ఆ పేరు పెడతారు. వాళ్లు దాన్ని తీసుకున్నది తామాడే ఆట పుస్తకం నుంచి. ఆ ఆట డంజియన్స్ అండ్ డ్రాగన్స్. అయితే ఆ రాక్షసుడు లోకానికి మొదట కనిపించింది పుస్తకంలో కాదు, ఒక పత్రికలో. 1975 వసంతంలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి ‘స్ట్రాటజిక్ రివ్యూ’ అని ఒక బక్కపలచని పత్రిక బయల్దేరింది. ఆక్టోపస్ ముఖంతో మెదళ్లు పీల్చుకు తినే ఆ జీవి దాని తొలి సంచికలోనే అచ్చయింది.

ఆ కాలపు ఆట పత్రికల స్కాన్లు ఈమధ్య మళ్లీ చేతులు మారుతున్నాయి. చాలామంది వాటిని చిన్ననాటి ముచ్చటగా తిరగేస్తున్నారు. నాకు మాత్రం అవి వేరే సంగతి చెబుతున్నాయి. ఇవాళ ఒక పెద్ద కంపెనీ సొత్తుగా చలామణీ అవుతున్న ఊహాలోకంలో మంచి భాగాలు కొన్ని పాఠకులు పోస్టులో పంపినవే.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు డంజియన్ మాస్టర్. ఆయన గుహ వర్ణిస్తాడు, తలుపు వెనక ఏముందో ఆయనకే తెలుసు. మిగిలినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర. కత్తి తగిలిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని మూడు చిన్న పుస్తకాల పెట్టెగా తెచ్చినప్పుడు తొలి ముద్రణ వెయ్యి ప్రతులే. నియమాల నిండా చిల్లులే. మిగతాది మీరే ఊహించుకోండి, మీ బదులు ఊహించే పని మాకెందుకు పెడతారు అన్న ధోరణిలో రచయితలు ముగింపు మాట రాశారు. జనం ఆ మాటను నిజంగానే నమ్మారు. ఊహించి, టైపు చేసి, కవర్లో పెట్టి పంపడం మొదలుపెట్టారు.

అడవుల్లో జాడలు పట్టే రేంజర్ క్లాస్, అంటే పాత్ర ఎంచుకునే వృత్తి, అలా వచ్చిందే, స్ట్రాటజిక్ రివ్యూ రెండో సంచికలో. పాటతో మంత్రం వేసే బార్డ్ 1976 ఫిబ్రవరి సంచికలో వచ్చింది. 2014 నాటి ఆటగాళ్ల పుస్తకంలో ఉన్న 12 క్లాసుల్లో ఈ రెండూ ఉన్నాయి. ఏడు సంచికల తర్వాత ఆ పత్రిక ఆగింది. దాని స్థానంలో 1976 జూన్‌లో ‘ది డ్రాగన్’ వచ్చింది.

నాకు అన్నిటికంటే నచ్చిన కథ మాత్రం ఇంగ్లండుది. 1977లో గేమ్స్ వర్క్‌షాప్ అనే ఆటల కంపెనీ వాళ్లు ఇయాన్ లివింగ్‌స్టన్ సంపాదకత్వంలో ‘వైట్ డ్వార్ఫ్’ పత్రిక మొదలుపెట్టారు. అందులో ‘ఫీండ్ ఫ్యాక్టరీ’ అని ఒక శీర్షిక. పని ఒక్కటే, పాఠకులు కల్పించి పంపిన రాక్షసులను అచ్చువేయడం. 1979లో చార్లెస్ స్ట్రాస్ అనే స్కూలు కుర్రాడు పంపిన ‘గిథ్యాంకి’ అక్కడే వెలుగు చూసింది. ఒకప్పుడు మైండ్ ఫ్లేయర్ల కింద బానిసలుగా బతికి, తిరగబడి, ఇప్పుడు ఆ పాత యజమానులను లోకాల వెంట వేటాడే యోధజాతి అది. అంతకు నాలుగేళ్ల ముందు అమెరికా పత్రిక ఒక రాక్షసుణ్ణి విసిరితే, సముద్రం ఇవతలి నుంచి ఒక పిల్లవాడు దానికి చరిత్ర రాసి పంపాడన్నమాట. ‘గిథ్యాంకి’ అన్న పేరు కూడా అతని సొంతం కాదు. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 1977 నాటి నవలలో అలవోకగా వచ్చిపోయే మాటను తీసుకున్నాడు. అవును, తర్వాత ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’కు మూలమైన నవలలు రాసిన మార్టినే. స్ట్రాస్ కూడా పెద్దయ్యాక పేరున్న సైన్స్ ఫిక్షన్ రచయిత అయ్యాడు.

1981లో ఆ శీర్షికలోని జీవులెన్నిటినో చేర్చి ‘ఫీండ్ ఫోలియో’ అన్న అధికారిక పుస్తకం తెచ్చారు. అట్ట మీద బొమ్మ గిథ్యాంకిదే. 2023లో వచ్చిన ‘బాల్డర్స్ గేట్ 3’ వీడియోగేమ్ ఆడిన మన హైదరాబాదు, బెంగళూరు కుర్రాళ్లకు లేజెల్ అన్న ముక్కోపి యోధురాలు గుర్తుండే ఉంటుంది. ఆమె ఆ జాతి మనిషే. ఆ గేమ్‌లో శత్రువులు మైండ్ ఫ్లేయర్లు. కథ జరిగే ఫర్‌గాటెన్ రెల్మ్స్ లోకం ఎడ్ గ్రీన్‌వుడ్ అనే కెనడా లైబ్రరీ ఉద్యోగి చిన్నప్పటి నుంచి అల్లుకున్నది. 1979 నుంచి డ్రాగన్‌లో వ్యాసాలు రాస్తూ దాన్ని కొంచెం కొంచెంగా బయటపెట్టాడు. 1987లో అది ఆటకు అధికారిక లోకమైంది. జాతి, శత్రువు, లోకం మూడూ పత్రికల పేజీల్లోంచి నడిచివచ్చినవే.

ఇక్కడే నాకు మింగుడుపడనిది ఒకటుంది. తర్వాతి కాలంలో ఈ ఆట హక్కులున్న కంపెనీ తన నియమాలను ఓపెన్ గేమ్ లైసెన్స్ కింద ఎవరైనా వాడుకోవచ్చని విడుదల చేసింది. ‘ఈ పేర్లు మాత్రం మావి, ముట్టుకోవద్దు’ అంటూ ఒక జాబితా పెట్టింది. అందులో మైండ్ ఫ్లేయర్ ఉంది, గిథ్యాంకి కూడా ఉంది. ఒక నవల నుంచి ఒక కుర్రాడు తెచ్చుకున్న మాట, అతను పత్రికకు పంపిన ఊహ, చివరికి కంచె లోపల పడింది. చట్టం ప్రకారం తప్పేమీ ఉండకపోవచ్చు. కానీ 2023 జనవరిలో అదే లైసెన్స్‌ను బిగించాలని చూసినప్పుడు ఆటగాళ్లు అంతగా ఎందుకు మండిపడ్డారో ఈ పాత సంచికలు చదివితే అర్థమవుతుంది. కంపెనీ వెనక్కి తగ్గి, ప్రాథమిక నియమాలను ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టాల్సి వచ్చింది.

హక్కుల చిక్కు పత్రికలనూ వదల్లేదు. 1999లో డ్రాగన్ తొలి 250 సంచికలను సీడీల్లో అమ్మారు. అందులో అచ్చయిన ఒక కామిక్ హక్కుదారులు ‘మమ్మల్ని మళ్లీ అడగలేదే’ అన్నారు. రాజీలో భాగంగా వాళ్లకు డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌నే వెక్కిరిస్తూ హ్యాక్‌మాస్టర్ అనే ఇంకో ఆట చేసుకునే అనుమతి దొరికింది. జరిమానాగా వెక్కిరింపు హక్కు ఇచ్చిన రాజీ ఇంకెక్కడైనా ఉందా?

ఆ రోజులు బంగారం అని నేననను. డ్రాగన్ మూడో సంచికలో స్త్రీ పాత్రలకు నియమాలంటూ ఒక వ్యాసం ఉంది. మగ పాత్రకు వ్యక్తిత్వ ఆకర్షణను కొలిస్తే, ఆడ పాత్రకు దాని బదులు అందాన్ని కొలవమంటుంది. ఇవాళ చదివితే ఒళ్లు మండుతుంది. ఊహించుకోండి అన్న గైగాక్స్ కూడా ఎక్కువకాలం అదే మాట మీద లేడు. ఆట పెద్దదయ్యేకొద్దీ, సొంత నియమాలు పెట్టుకునేవాళ్లను తన శీర్షికల్లో విసుక్కున్నాడు. అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట కొత్త రూపంతో అందరూ ఒకేలా ఆడాలన్నాడు.

వైట్ డ్వార్ఫ్ సంగతి ఇంకా బాధ. 1980ల చివరికల్లా అది ఇతరుల ఆటలను పక్కనపెట్టి గేమ్స్ వర్క్‌షాప్ సొంత బొమ్మలకు, వాటితో ఆడే వార్‌హ్యామర్ ఆటకు పరిమితమైంది. ఇప్పటికీ వస్తోంది, రంగులు బ్రహ్మాండంగా ఉంటాయి. నా మటుకు అది క్యాటలాగే. అచ్చు డ్రాగన్ 2007 సెప్టెంబర్‌లో 359వ సంచికతో ఆగింది. ఆ రెండింటిలో నిజంగా ముందు చచ్చింది ఏదో చెప్పడం కష్టం.

చందమామ పాత సంచికల స్కాన్లు మనవాళ్లూ దాచుకుంటారు. కాకపోతే ఆ ఆనందం వేరు. అక్కడ కథ వండి వడ్డించి వచ్చేది. ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డు రాయడమే చాలామంది పాఠకులకు దొరికే వంతు. ఈ ఆట పత్రికల్లో వంటింటి తలుపు తీసే ఉండేది. అందుకే సాహసగాథల కంటే ముందు ఉత్తరాల పేజీలు చదవమంటాను. ప్రకటనలు కూడా. అంకెలు కనబడటానికి మనమే క్రేయాన్‌తో రుద్దుకోవాల్సిన ప్లాస్టిక్ పాచికలు అమ్మిన కాలం అది. 1979లో పాచికల కొరత వచ్చి పెట్టెల్లో అంకెలు వేసిన అట్టముక్కలు పెట్టారు. ఎంత తక్కువ సరంజామాతో ఎంత లోకం కట్టారో ఈ చిన్న సంగతులే చూపిస్తాయి.

పాఠకులు పంపినవన్నీ గిథ్యాంకులు కావు. ఫీండ్ ఫోలియోలో ఫ్లంఫ్ అని ఒకటుంది. గాలిలో తేలే జెల్లీచేప. మంచి మనసు, కంపు కొట్టే ద్రవం చిమ్మడం దాని ఆత్మరక్షణ. వెల్లకిలా పడితే మళ్లీ తనంతట తాను లేవలేదు. ఏళ్ల తరబడి అది ఆటగాళ్ల నోట్లో నానిన జోకు. 2014లో కొత్త మాన్‌స్టర్ మాన్యువల్ వచ్చినప్పుడు, పేరుమోసిన రాక్షసుల మధ్య దానికీ చోటిచ్చారు.