రూబీ మామ్మకు పేరుంది

యూఎస్ స్టీల్‌ను జపాన్ కంపెనీ నిప్పన్ స్టీల్ 2025 జూన్‌లో కొనేసింది. అంతకుముందు ఏడాదిన్నర పాటు దానిమీద నడిచిన రభస అందరికీ తెలిసిందే. ఆ వార్తల పక్కన వేసిన ఫొటోలను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పొగ గొట్టాలు, ముందు నది, పైన మబ్బు. మనిషి కనిపిస్తే నెత్తిన హెల్మెట్, చేతిలో ప్లకార్డు. ఆగస్టులో అదే కంపెనీకి చెందిన క్లెయిర్టన్ కోక్ (ఉక్కు కొలిమిలో వాడే బొగ్గు) ప్లాంటు పేలి ఇద్దరు చనిపోతే మళ్లీ అవే గొట్టాలు. ఫ్యాక్టరీ ఊళ్లో మనుషులు అన్నం వండుకుంటారని, జబ్బు పడతారని, పిల్లలకు జడలు వేస్తారని ఆ ఫొటోలు చూసి ఎవరూ అనుకోరు.

అందుకే బ్రాడాక్ గురించి రాయాలి. అమెరికాలో పిట్స్‌బర్గ్ పక్కన, మొనొంగహేలా నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. 1755లో అక్కడి యుద్ధంలో ఓడి, తగిలిన గాయాలతో చనిపోయిన బ్రిటిష్ జనరల్ పేరు ఊరికి పెట్టారు. 1875లో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ తెరిచిన కర్మాగారానికి ఎడ్గర్ థామ్సన్ పేరు పెట్టారు. ఆయనెవరు? పట్టాలు కొనే రైల్వే కంపెనీకి పెద్ద. 1889లో తెరిచిన లైబ్రరీకి కార్నెగీ పేరే పెట్టారు. ఒక జనరల్, ఒక ఖాతాదారు, ఒక యజమాని. కొలిమి ముందు ఒళ్లు కాల్చుకున్నవాళ్ల పేర్లు మాత్రం ఆ ఊరి గోడలకు ఎక్కలేదు. 1920లో 20 వేలు దాటిన జనాభా 2020 లెక్కల్లో 1,721. ఇప్పుడు యూఎస్ స్టీల్‌దైన ఆ కర్మాగారం ఇంకా నడుస్తూనే ఉంది.

ఫొటోగ్రాఫర్ లాటోయా రూబీ ఫ్రేజియర్ 1982లో ఆ ఊళ్లోనే పుట్టింది. 2001 నుంచి పుష్కర కాలానికి పైగా తన ఇంట్లోనే ఫొటోలు తీసింది. వాటన్నిటినీ కలిపి 2014లో 'ద నోషన్ ఆఫ్ ఫ్యామిలీ' అనే పుస్తకం వేసింది. అన్నీ బ్లాక్ అండ్ వైట్. 2005 నాటి ఒక ఫొటోలో మామ్మ, మనవరాలు నేలమీద కూర్చుని ఉంటారు. చుట్టూ మామ్మ ఎంతో ప్రేమగా దాచుకున్న బొమ్మలు. ఇద్దరూ సూటిగా మన వైపే చూస్తారు. 'రూబీ మామ్మ, నేను' అని దాని పేరు. 2008 నాటి ఇంకో ఫొటోలో తల్లి ముఖం పక్కకు తిరిగి ఉంటుంది, వెనక ఉన్న కూతురి ముఖం సగం దాని చాటున పడిపోతుంది. ఎవరి ముఖం ఎక్కడ అయిపోయి ఎవరిది మొదలవుతోందో చెప్పడం కష్టం. ఇంకో ఫొటో పేరు 'అమ్మ నన్ను ఫొటో తీస్తోంది'. ఆ ఇంట్లో కెమెరా ఒక్క కూతురి చేతిలోనే ఉండదు.

ఇప్పుడు పేరున్న అమెరికన్ ఫొటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ తీసిన ఫొటో ఒకటి దీని పక్కన పెట్టండి. 1955లో 3 వారాల్లో 100 ఫొటోలు తీయమని పిట్స్‌బర్గ్‌కు పంపిస్తే ఆయన పిచ్చిపట్టినట్టు పనిచేసి దాదాపు 17 వేల నెగెటివ్‌లు తీశాడు. అందులో ఒక ఉక్కు కార్మికుడి ఫొటో ప్రపంచ ప్రసిద్ధం. రంగు కళ్లద్దాలు, వాటిలో ప్రతిఫలిస్తున్న మంట. గొప్ప ఫొటో, కాదనను. కానీ ఆ మనిషి కళ్లు కనపడవు. శీర్షికలో పేరు లేదు. ఎంతోమంది గోడలకు తగిలించుకున్న ఆ మనిషి ఆ రోజు ఇంటికి వెళ్లి ఎవరితో మాట్లాడాడో మనకు అక్కర్లేకపోయింది. నాకు అభ్యంతరం అక్కడే.

బయటివాళ్లు తీయకపోతే లోకానికి ఎలా తెలుస్తుంది, ఇంట్లోవాళ్లు తీసేది ఫ్యామిలీ ఆల్బమే కదా అని కొందరంటారు. లూయిస్ హైన్ బయటివాడే, ఆయన తీసిన బాల కార్మికుల ఫొటోలు చట్టాల కోసం జరిగిన పోరాటానికి ఆయుధమయ్యాయి. నిజమే. ఆల్బమ్ అన్నమాట కూడా నిజమే. అయితే ఆల్బమ్‌ను చిన్నచూపు చూడటమెందుకు?

అమెరికాలో ఉండే తెలుగువాళ్లకు పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి తెలియకపోవడం అరుదు. పెన్ హిల్స్‌లో 1970ల్లో కట్టిన ఆ గుడికీ బ్రాడాక్‌కూ మధ్య దూరం కొద్ది మైళ్లే. గుడి ముందు కుటుంబమంతా నిలబడి దిగిన ఫొటో ఎన్ని ఇళ్లలో లేదు! అందులో ప్రతి మనిషికీ పేరుంది, వరస ఉంది. వలస వచ్చిన తొలితరం ఎలా బతికిందో ముందు ముందు ఎవరైనా రాయాలంటే కంపెనీల రికార్డుల కంటే ఆ ఫొటోలే ఎక్కువ పనికొస్తాయి. ఫ్రేజియర్ అలాంటి ఆల్బమ్‌నే మ్యూజియం గోడమీదికి ఎక్కించింది. 2015లో ఆమెకు 'జీనియస్ గ్రాంట్' అని పిలిచే మెకార్థర్ ఫెలోషిప్ ఊరికే రాలేదు.

పేరు లేని ఫొటో ఎవరికి పనికొస్తుందో కూడా బ్రాడాక్‌లోనే తేలింది. 2010 జనవరి 31న ఊళ్లో ఉన్న ఆసుపత్రి మూసేశారు. అదే ఏడాది లీవైస్ కంపెనీ ఆ ఊరి మనుషులతోనే జీన్స్ ప్రకటనలు తీసి, 'అందరి పనీ సమానంగా ముఖ్యమే' అని హోర్డింగులు పెట్టింది. ఊళ్లో కమ్యూనిటీ సెంటర్‌కు డబ్బు కూడా ఇచ్చింది, ఒప్పుకుంటాను. కానీ ఆసుపత్రి పోయిన ఊరి ముఖాలు బట్టలమ్మడానికి బాగా పనికొచ్చాయి. ఫ్రేజియర్ ఆ జీన్సే తొడుక్కుని, న్యూయార్క్‌లో ఆ కంపెనీ పెట్టిన ఫొటో వర్క్‌షాప్ ముందు ఫుట్‌పాత్ మీద ఒళ్లు రాసుకుంటూ ఆ గుడ్డను చింపేసింది. ఆ మరుసటి ఏడాది కూలగొట్టిన ఆసుపత్రి స్థలాన్ని ఫొటో తీసింది.

రూబీ మామ్మ 2009లో పోయింది. ఆ ఏడాదే ఫ్రేజియర్ తాత పైజమా తొడుక్కుని తనను తాను ఫొటో తీసుకుంది. ఆ పైజమా ఎవరిదో శీర్షికలోనే రాసి పెట్టింది.