పన్ను చట్టం మెచ్చిన రోగి

వృద్ధాప్యంలో జబ్బు పడటం ఎవరికైనా చేతనవుతుంది. చట్టసమ్మతంగా జబ్బు పడటానికే తెలివితేటలు కావాలి. ఆదాయపు పన్ను చట్టంలో మనందరం 80డి అని పిలుచుకునే సెక్షన్ ప్రకారం, తల్లికో తండ్రికో పిల్లలు పెట్టిన వైద్య ఖర్చు లెక్కలోకి రావాలంటే ఆ పెద్దవారికి ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా 60 ఏళ్లు నిండాలి, ఆరోగ్య బీమా ఉండకూడదు, డబ్బు నోట్ల రూపంలో చెల్లించి ఉండకూడదు. ఇవన్నీ కుదిరితే పన్ను పడే ఆదాయంలోంచి ఏడాదికి 50,000 రూపాయల దాకా మినహాయింపు దొరుకుతుంది. ఏప్రిల్ నెలాఖరులో అరవై నిండబోయే పెద్దమనిషి మార్చిలోనే గుండె పట్టుకుని కూలబడితే దాన్ని తొందరపాటు అనాలే గాని రోగం అనకూడదు.

బీమా నిబంధన మరీ ముచ్చటైనది. ముందుచూపుతో తల్లి పేరిట 20,000 రూపాయల ప్రీమియం కట్టిన తమ్ముడికి ఆ ప్రీమియం మేరకే మినహాయింపు. బీమా సంస్థ ఇవ్వనన్న మందుల బిల్లులు అతని ఖర్మ. బీమా ఊసే ఎత్తని అన్న మాత్రం తండ్రి మందుల బిల్లులను 50,000 దాకా దర్జాగా చూపించుకోవచ్చు. ఇక ముందస్తు ఆరోగ్య పరీక్షలకు, ఆ పరిమితిలోనే, 5,000 వరకు నగదు ఇచ్చినా అభ్యంతరం లేదు. అంటే జబ్బును వెతకడానికి నోట్లు చెల్లుతాయి, తీరా దొరికాక చెల్లవు. అత్తమామల మాటంటారా, అల్లుడు వారికి కట్టే బిల్లు చట్టం దృష్టిలో విలాసమే.

పెద్ద జబ్బుల ఖర్చుకు 80డిడిబి అని పిలుచుకునే మరో సెక్షన్ ఉంది. వృద్ధులకైతే లక్ష రూపాయల దాకా. కాకపోతే మతిమరుపు వ్యాధికి వైకల్యం 40 శాతం ఉందని నిపుణుడు తేల్చాలి. 35 శాతం దగ్గర ఆగిన తండ్రి మిగిలిన అయిదు శాతం కూడా మరచిపోయేదాకా కుటుంబం ఓపిక పట్టడం ధర్మం.

మా నాన్నగారు ఈ విషయంలో ఆదర్శప్రాయులు. 73 ఏళ్లు, బీమా లేదు. మందుల దుకాణంలో ఆయన అలవాటుగా జేబులోంచి అయిదు వందల నోటు తీస్తే, నేను చెయ్యి పట్టుకుని ఆపి, నా ఫోనుతో యూపీఐ చేస్తాను. దుకాణదారు మమ్మల్ని అపార్థం చేసుకుని, కొడుకంటే ఇలా ఉండాలని మెచ్చుకుంటాడు కూడా. నాన్నగారు బిల్లు తీసుకుని, ఇంటికి వచ్చాక వెనకాల తేదీ వేసి, ఫైలులో గుచ్చుతారు.

అయితే 2023-24 నుంచి, మనం ప్రత్యేకంగా వద్దనకపోతే, కొత్త పన్ను విధానమే వర్తిస్తుంది. అందులో ఈ మినహాయింపులేవీ లేవు. పన్ను తక్కువ పడుతోందని నేను దానిలోకే మారాను. ఈ సంగతి నాన్నగారికి చెప్పలేదు. మొదటిది నిండిపోయిందని ఆయన మొన్ననే రెండో ఫైలు కొనుక్కొచ్చారు.