కంటెయినర్ ధ్యాన కుటీరం: ప్రచారంలో ఉన్న వాదనకు ఖండన

బెంగళూరు తెలుగువారి వాట్సాప్ బృందాల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. నగరం బయట నంది కొండ వైపునో కనకపుర వైపునో పది గుంటల నేల కొని, పాత షిప్పింగ్ కంటెయినర్ ఒకటి తెచ్చి నిలబెట్టి, మూడు వైపులా అద్దాలు బిగించి, పైన మూడు కిలోవాట్ల సోలార్ పలకలు పరిచి, పక్కన బోరు వేయించుకుంటే పది రోజుల్లో ‘ప్రకృతికి ఏ భారమూ లేని’ ధ్యాన కుటీరం సిద్ధమవుతుందని, దీనికి ఏ అనుమతీ అక్కర్లేదని దాని సారాంశం. వారానికొకసారి నగరపు రొదకు దూరంగా కూర్చోవాలన్న కోరికను ఎవరూ తప్పుపట్టరు. అయితే ఆ సందేశంలోని ఒక్కొక్క మాటనూ ఈ ప్రాంతపు ఎండతో, వానతో, భూగర్భజలంతో సరిచూస్తే నిలిచేది చాలా తక్కువ.

పారేసిన వస్తువును తిరిగి వాడుతున్నాం కనుక కంటెయినర్ పర్యావరణహితమన్నది మొదటి వాదన. ఇరవై అడుగుల కంటెయినర్‌లో దాదాపు రెండు టన్నుల ఉక్కు ఉంటుంది. దాన్ని మనం కొనకపోతే అది చెత్తకుప్పలో పడదు, కొలిమికి వెళ్ళి కొత్త ఉక్కుగా మారుతుంది. అందులో ఏడాదికి కొద్ది రోజులు కూర్చోవడం ఆ ఉక్కుకు దొరికే ఉత్తమ వినియోగమని చెప్పడం కష్టం. పైగా రెండు మిల్లీమీటర్ల మందమైనా లేని ఆ గోడ పగటి వేడిని ఆపలేదు, డిసెంబరు రాత్రి చలినీ ఆపలేదు. ఆపాలంటే లోపల నురుగు పలకలు, వాటి మీద ప్లైవుడ్ వేయాలి; అప్పటికే ఎనిమిది అడుగులు లేని లోపలి వెడల్పు ఇంకా కుంచించుకుపోతుంది. ముడతలు పెట్టిన ఆ పక్కరేకులే పెట్టె బరువు మోయడంలో పాలుపంచుకుంటాయి కనుక, కిటికీల కోసం వాటిని కోసిన ప్రతిచోటా ఉక్కు చట్రం అతికించక తప్పదు. ట్రైలరూ క్రేనూ పొలం బాటలోకి రావడానికి చెట్లు కొట్టవలసి వస్తే ఆ లెక్క వేరు. వీటన్నిటినీ సర్దుకున్నా, జూన్ నుంచి అక్టోబరు దాకా రేకు కప్పు మీద వాన మోగే మోత కింద మౌనంగా కూర్చోవడం ఎలాగో సందేశం చెప్పదు.

‘మూడు వైపులా అద్దం, ప్రకృతిలో లీనం’ అన్నది రెండో మాట. నాకు అన్నిటికన్నా అభ్యంతరకరంగా తోచినది ఇదే. బెంగళూరు సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ 24 ప్రాంతంలోనూ ఆగస్టు 18 ప్రాంతంలోనూ ఇక్కడ మధ్యాహ్నం నిటారు కర్రకు నీడ పడదు. ఆ రెండింటి నడుమ మధ్యాహ్న సూర్యుడు ఉత్తరానికి వాలి ఉంటాడు. కాబట్టి ఈ ఊళ్ళో ఎండ దెబ్బ ప్రధానంగా తగిలేది కప్పుకు, ఆ తరువాత తూర్పు పడమటి గోడలకు. ఉత్తర దక్షిణాల ఎండను సాధారణమైన చూరు అడ్డగిస్తుంది గానీ, పొద్దు వాలిన వేళ ఏటవాలుగా వచ్చే పడమటి ఎండను ఏ చూరూ ఆపలేదు. సాధారణ అద్దం మీద పడిన ఎండవేడిలో దాదాపు 80 శాతం లోపలికి చేరుతుంది. పడమట పది చదరపు మీటర్ల అద్దం పెట్టి, సాయంత్రం నాలుగింటికి చదరపు మీటరుకు 500 వాట్ల ఎండ పడుతోందనుకుంటే, గదిలోకి వచ్చేది నాలుగు కిలోవాట్ల వేడి. ఒక టన్ను ఏసీ తోడగలిగేది మూడున్నర కిలోవాట్లే. పిట్టలు ఆ అద్దాన్ని ఆకాశమనుకుని వచ్చి కొట్టుకుంటాయి. రాత్రి దీపం వెలిగిస్తే అందులో మన ప్రతిబింబం తప్ప చెట్టు కనిపించదు. అయినా ధ్యానానికి కూర్చున్నవారిలో అధికులు కళ్ళు మూసుకుంటారు కదా. ఉత్తరం వైపు ఒక వెడల్పాటి కిటికీ, గాలి పారడానికి ఎదురుగోడలో పైన ఒక వెంటిలేటరు ఉంటే ఈ పనికి సరిపోతుంది.

మూడు కిలోవాట్ల సోలార్ ఎందుకు కావలసి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది: అద్దం తెచ్చిపెట్టిన వేడిని ఏసీ తోడాలి, ఆ ఏసీకి పలకలు కావాలి, వాటికి బ్యాటరీలు కావాలి. నీడపట్టున ఉన్న గదిలో తొమ్మిది వాట్ల ఎల్ఈడీ దీపాలు రెండు నాలుగు గంటలు, తక్కువ కరెంటుతో తిరిగే ముప్పై వాట్ల బీఎల్డీసీ ఫ్యాను ఆరు గంటలు వాడినా రోజుకు అయ్యేది సుమారు 250 వాట్-గంటలే. ఆకాశం తేటగా ఉన్న రోజున ఒకే ఒక్క వంద వాట్ల పలక అంతకంటే ఎక్కువే ఇస్తుంది.

మట్టి గోడలు మన వానలకు కరిగిపోతాయి కనుక ఉక్కే శరణ్యమని సందేశం మరొకచోట అంటుంది. ఈ మాట బెంగళూరులో పుట్టడం విచిత్రం. ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన ‘అస్త్ర’ కేంద్రం గ్రామీణ సాంకేతికతల్లో భాగంగా సిమెంటు కలిపి అదిమిన మట్టి దిమ్మెల మీద దశాబ్దాల పాటు పరిశోధన చేసింది. వాటితో కట్టిన ఇళ్ళు ఈ నగరంలోనే ఎన్నో ఉన్నాయి. ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్రమట్టిలో ఆరు నుంచి ఎనిమిది శాతం సిమెంటు కలిపి, యంత్రంతో అదిమి, మూడు నాలుగు వారాలు తడుపుతూ ఉంచితే బట్టీ అవసరం లేని దిమ్మె తయారవుతుంది. నల్లరేగడితో ఇది కుదరదు. మన్ను నాణ్యత, రాతి పునాది ఎత్తు, చూరు పొడవు సరిగా చూసుకోకపోతే మట్టి గోడ చెడిపోతుందన్నది నిజమే. ఒకటిన్నర అడుగుల రాతి పీఠం, జల్లు తగలకుండా రెండున్నర అడుగుల చూరు, పైన మంగళూరు పెంకు, దాని కింద వెదురు తడకల సీలింగు ఉంటే ఆ భయం చాలావరకు పోతుంది. వెదురును బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిలో నానబెట్టకుండా వాడితే మాత్రం పుచ్చు పట్టక మానదు. ఇది పది రోజుల్లో అయ్యే పని కాదు. దిమ్మెలు తడపడానికే అంతకు మించి పడుతుంది.

బోరు సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. చిక్కబళ్ళాపురం, కోలారు జిల్లాల్లో వెయ్యి అడుగులు దాటిన బోర్లు కొత్తేమీ కాదు, ఆ లోతు నీటిలో చాలాచోట్ల ఫ్లోరైడ్ సమస్య కూడా ఉంది. శనివారం కాళ్ళు కడుక్కోవడానికి పక్క రైతు వేరుశనగ చేనుకు అందవలసిన నీటిని తోడడాన్ని ప్రకృతితో మమేకం కావడం అనలేం. పన్నెండు అడుగుల చదరపు గదికి చూరుతో కలిపి కప్పు కనీసం 25 చదరపు మీటర్లు వస్తుంది. ఏటా 800 మిల్లీమీటర్ల వాన కురిసి, అందులో అయిదో వంతు వృథా అయినా 16,000 లీటర్లు చేతికి వస్తాయి. ఏడాదిలో వంద రోజులు, రోజుకు నలభై లీటర్లు వాడినా అయ్యేది 4,000. వేసవి దాకా నిలవ ఉంచడానికి 5,000 లీటర్ల తొట్టి ఒకటి చాలు.

అనుమతి అక్కర్లేదన్నది శుద్ధ అబద్ధం. 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ ప్రకారం వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు వాడాలంటే సాధారణంగా భూ వినియోగ మార్పిడి ఉత్తర్వు ఉండాలి. రైతు తన సొంతానికి కట్టుకునే తోట ఇంటికి పరిమితులతో కూడిన మినహాయింపు ఉంది గానీ, అతిథులకు అద్దెకిచ్చే కుటీరం దాని కిందికి రాదు. కనకపుర దారిలో వెతికేవారు బన్నేరుఘట్ట జాతీయోద్యానం చుట్టూ 2020లో ప్రకటించిన పర్యావరణ సున్నిత మండలం హద్దులు కూడా చూసుకోవాలి. అది ఏనుగులు తిరిగే నేల.

ఇక ‘ఏ భారమూ లేని’ అన్న విశేషణం. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. రానూపోనూ 120 కిలోమీటర్లు, లీటరుకు 15 కిలోమీటర్ల కారులో ఏడాదికి నలభై సార్లు వెళ్తే 730 కిలోలు దాటుతుంది. గోడ దేనితో కట్టినా ఈ అంకె మారదు. దీన్ని తగ్గించాలనుకునేవారు యలహంక, చిక్కబళ్ళాపురం రైలు మార్గంలో నంది హాల్ట్ వంటి స్టేషనుకు దగ్గరలో, నాలుగైదు కుటుంబాలు వంతులవారీగా వాడుకునేలా ఒకే గది కట్టుకోవచ్చు. అంత ఓపిక లేనివారు తమ ఇంటి మేడ మీదే ఉత్తరపు మూలన పెంకుల పందిరి వేసుకున్నా, ఆ కంటెయినర్ కంటే భూమికి తక్కువ ఖర్చే అవుతుంది.