బోట్లు ఉన్నా మునిగిన ఓడ

టైటానిక్‌లో లైఫ్ బోట్లు చాలకపోవడం వల్లే అంతమంది పోయారని మీ పత్రికలో వచ్చిన టైటానిక్ వ్యాసంలో రాశారు. నిజమే, కానీ సగం నిజం. 'ఎంప్రెస్ ఆఫ్ ఐర్లాండ్' అనే ప్రయాణికుల ఓడ సంగతి కూడా చెప్పి ఉంటే బాగుండేది. అందులో బోట్లకు కొరత లేదు. టైటానిక్ దెబ్బకు అన్ని కంపెనీలూ బోట్లు పెంచేశాయి మరి.

1914 మే 29, తెల్లవారుజామున రెండు గంటల ప్రాంతంలో, కెనడాలోని సెయింట్ లారెన్స్ నదిలో పొగమంచు కమ్మేసింది. నార్వే బొగ్గు ఓడ స్టోర్‌స్టాడ్ వచ్చి ఎంప్రెస్‌ను కుడిపక్క గుద్దింది. 14 నిమిషాలు, అంతే, మునిగిపోయింది! ఓడ కుడివైపుకి ఒరిగిపోవడంతో ఎడమపక్క బోట్లు దించడానికే వీల్లేకపోయింది. గాలి కోసం తెరిచిపెట్టిన కిటికీల గుండా నీళ్లు లోపలికి దూకాయి. నీళ్లను ఆపాల్సిన తలుపులు చేత్తో తిప్పి మూయాల్సినవి, అంత టైమ్ ఎక్కడిది? కింది డెక్కుల్లో నిద్రపోతున్నవాళ్లలో చాలామందికి మెట్ల దాకా వచ్చే వ్యవధి కూడా దొరకలేదు. మొత్తం 1,477 మందిలో 1,012 మంది పోయారు.

కెప్టెన్ కెండాల్ బతికి బయటపడ్డాడు. 1910లో హంతకుడు క్రిప్పెన్‌ని అప్పట్లో తను నడిపిన వేరే ఓడలో గుర్తుపట్టి, వైర్‌లెస్ కొట్టి పట్టించింది ఈయనే.

రెండు నెలలు తిరక్కుండానే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. ఇక ఈ ఓడని తలుచుకునే తీరిక ఎవరికుంది? సినిమాలన్నీ టైటానిక్‌కే. తరువాయి భాగంలోనైనా దీనికి ఒక పేరా ఇవ్వండి సార్.